అమ్మ తప్పిపోయిందన్న మాట

మా అమ్మ సింగపూరులో తప్పిపోలేదు. ఆ సాయంత్రం ఆమెను ఎక్కడ కూర్చోమన్నానో అక్కడే కూర్చుని ఉంది. నేనే ఆమెను మరిచిపోయాను. ఈ మాట ఆ రోజే, వుడ్‌ల్యాండ్స్‌లో పుట్టినరోజుకు చేరిన ఇంట్లో, అందరి ముందూ చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పైగా ఆమె తప్పిపోయిందని చెప్పాను. మాకు తెలిసిన తెలుగు ఇళ్ళన్నిటికీ ఆ మాట పాకింది. ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే, జరిగింది ఇదీ.

కంప్యూటరు కోడు రాయగలిగిన ప్రతివాడినీ కంపెనీలు పిలిచి ఉద్యోగం ఇస్తున్న కాలం అది. నేను ఒక బ్యాంకు పనికి కాంట్రాక్టు మీద వచ్చాను. నా భార్యకు కూడా ఇక్కడే ఉద్యోగం దొరికింది. పాప చిన్నది. నాన్న అప్పటికే లేరు. అమ్మ కరీంనగర్ దగ్గర ఒక ప్రభుత్వ బాలికల హాస్టల్లో మేట్రన్‌గా చేసి రిటైరయింది. నేను రమ్మన్నాను. అద్దెకున్న రెండు గదులు ఖాళీ చేసి, గిన్నెలూ మంచాలూ హాస్టల్లో పనిచేసేవాళ్ళకు పంచేసి, ఒక సూట్‌కేసుతో వచ్చింది. వెనక్కి వెళ్ళడానికి ఆమెకు ఒక తలుపంటూ మిగల్లేదు. అది నాకు అప్పుడు పెద్ద విషయంగా తోచలేదు. కొడుకు ఇల్లుంది కదా అనుకున్నాను.

హాస్టల్లో అమ్మ నడుము దగ్గర తాళాల గుత్తి ఉండేది. బియ్యం తక్కువ తూచిన కాంట్రాక్టరును లారీ దిగనివ్వకుండా తిప్పి పంపిన మనిషి. సెంబవాంగ్‌లో మా ఫ్లాట్‌కు వచ్చాక మొదటి నెలల్లో ఆమె చేసిన పని పాపను చూసుకోవడం, మిగతా సమయం కిటికీ దగ్గర నిలబడి కిందికి చూడడం. కింద మనుషులు నడిచేవాళ్ళు, ఎవరితోనూ ఈమెకు మాట లేదు. మేం ఇంటికి వచ్చేసరికి చీకటి పడేది. అన్నం వడ్డిస్తూ ఏదో అడిగేది, మేం సగం విని తలూపేవాళ్ళం.

మా ఆఫీసులో పనిచేసే ఒక హైదరాబాదీ వాళ్ళింటికి రంజాన్ పండక్కి వెళ్ళినప్పుడు మార్పు వచ్చింది. వాళ్ళది టోవా పాయోలో. అతని తల్లి కొడుకు దగ్గరే ఉండేది. ఇద్దరు పెద్దవాళ్ళూ వంటింట్లోకి వెళ్ళారు. మేం బయల్దేరే వేళకి కూడా బయటికి రాలేదు. ఒకరు దక్కనీ ఉర్దూ కలిసిన తెలుగు, ఇంకొకరు కరీంనగర్ తెలుగు. మొదటి రోజే అమ్మ ఆమెను ఆపా అంది, ఆమె అమ్మను అక్కా అంది, రెండింటికీ అర్థం ఒకటే. ఎవరు పెద్దో తేల్చుకోవడం తర్వాతి వారాల్లో వాళ్ళకు ఒక సరదా అయింది.

మొదటి రెండుసార్లు నేను తీసుకెళ్ళాను. పాపను పగలు బాలబడిలో వేశాక, మూడోసారి, తానే వెళ్తానంది. ఎలా గుర్తుపడతావని అడిగితే చెప్పింది:

"రైలు చీకట్లకు పోతది గద, అండ్ల రెండోది. వచ్చేటప్పుడు ఎస్ అక్షరం కనవడంగనే దిగుడు. తొవ్వల ఇంకోటి ఎస్ లేదు, నేను చూసిన."

రైలు సొరంగంలోకి దిగాక రెండో స్టేషనే టోవా పాయో. ఎస్‌తో మొదలయ్యే పేరు సెంబవాంగ్ తప్ప ఆ దారిలో నిజంగానే లేదు. రోజూ ఆ దారిన పోతూ నేను ఎప్పుడూ గమనించలేదు. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కానీ కూడబలుక్కుని చదివేలోగా రైలు కదిలిపోతుంది. అందుకని మొదటి అక్షరం ఒక్కటే చూసేది. ట్రైను కార్డును జేబురుమాలులో చుట్టి రవికలో పెట్టుకునేది. ఇంటి తాళంచెవి ఒకటి విడిగా చేయించి ఇచ్చాను. దాన్ని నడుమున దోపుకుంది.

ఆ తర్వాత కొద్ది నెలలకే, కొడుకుల దగ్గరికో కూతుళ్ళ దగ్గరికో వచ్చిన మరికొందరు తల్లులు అమ్మకు తోడయ్యారు. వాళ్ళు కూడా మాలాగే పొద్దున పోయి రాత్రికి వచ్చే పిల్లల ఇళ్ళలో కిటికీల దగ్గర నిలబడినవాళ్ళే. అమ్మ వాళ్ళకు కార్డు ఎలా పెట్టాలో, ఎస్కలేటరు మీద చీర కుచ్చిళ్ళు ఎలా పట్టుకోవాలో నేర్పింది. స్టేషన్లో గేటు పక్కన నిలబడి ఒక్కొక్కరినీ దాటించి తాను ఆఖరున దాటేది. హాస్టల్ పిల్లల్ని సినిమాకు తీసుకెళ్ళినప్పుడు అలాగే చేసేదట. చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కూర్చుని టీ తాగి వచ్చేవాళ్ళు. బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు ఆపుకోవడం, ఇక్కడి మాటలో చోప్ చేయడం, ఆపా నేర్పింది. పొట్లం పెట్టిన బల్ల దగ్గరికి ఎవరూ రాకపోవడం చూసి ఆపా అన్నదాన్ని అమ్మ ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది: "మన ఇండ్లల్ల మనకు లేని ఇజ్జత్ ఈడ కాయితానికి ఉంది అక్కా."

ఆ నవ్వు వెనక ఏముందో నేను పట్టించుకోలేదు. అమ్మ మళ్ళీ ఇంట్లో గట్టిగా మాట్లాడుతోందనీ, నా భార్యతో కూరల గురించి వాదిస్తోందనీ మాత్రం గమనించాను.

నాకు తెలియనిది ఇంకొకటి ఉంది. అమ్మకు అప్పటికే మోకాళ్ళు పట్టేవి. మూత్రం ఎక్కువసేపు ఆగేది కాదు. కొడుకుతో చెప్పుకునే సంగతి కాదది. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు అక్కడ మరుగుదొడ్డి ఎక్కడుందో చూసిపెట్టుకునేది. బయల్దేరేముందు మంచినీళ్ళు తాగేది కాదు. ఆమె ధైర్యంగా తిరుగుతోందని అందరం అనుకున్నాం. ఆ తిరుగుడు కింద ఎంత జాగ్రత్త, ఎంత ముందుచూపు ఉందో ఆపాకు ఒక్కదానికే తెలుసు. ఆ తర్వాత చాలాకాలానికి ఆమె చెబితే నాకు తెలిసింది.

ఆ శనివారం వుడ్‌ల్యాండ్స్‌లో ఒక మిత్రుడి కూతురి మొదటి పుట్టినరోజు. అమ్మ, ఆపా కలిసి టోవా పాయోలో డబుల్ కా మీఠా చేసి పంపుతామన్నారు. అమ్మ పొద్దున్నే వెళ్ళింది. నాకు ఆఫీసు ఉంది. పెద్ద స్టీలు గిన్నె మోసుకుంటూ మెట్లెక్కవద్దని, సాయంత్రం నాలుగింటికి నేనే వచ్చి తీసుకెళ్తానని చెప్పాను. తాను నేరుగా వుడ్‌ల్యాండ్స్ రాగలనంది. సెంబవాంగ్ దాటి కొంచెం ముందుకు పోవడమే కదా అంది. నేను ఒప్పుకోలేదు. స్టేషన్ పైన బేకరీ ఎదురుగా బల్ల ఉంటుంది, అక్కడ కూర్చో, నేను వచ్చేదాకా కదలకు అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. పెద్దవాళ్ళ మంచి కోసం మాట్లాడుతున్నప్పుడు మనకు వచ్చే గొంతు ఒకటుంటుంది. ఆ గొంతుతో అన్నాను.

ఆఫీసులో ఆ రోజు మేం మార్చిన ప్రోగ్రాం పరీక్షలో నిలవలేదు. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట ఆగింది. మేనేజరు మా వెనకే నిలబడ్డాడు. నాలుగెప్పుడయిందో నాకు తెలియదు. చివరికి అది నడిచింది. అందరం కేకలు పెట్టి చేతులు కలుపుకున్నాం. అదే పుట్టినరోజుకు వెళ్ళాల్సిన ఇద్దరు సహోద్యోగులతో కలిసి రైలెక్కాను. దారి పొడుగునా ఆ ప్రోగ్రాం గురించే మాటలు, ఎక్కడ తప్పు దొరికింది, ఎవరు పట్టుకున్నారు.

మేం ఎక్కిన రైలు టోవా పాయోలో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. నేను ఆ తలుపుకు ఆనుకునే నిలబడి ఉన్నాను. దిగేవాళ్ళకు పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాను. మళ్ళీ మూసుకున్నాయి. మా అమ్మ ఆ స్టేషన్ పైనే కూర్చుని ఉంది. నాకు ఆమె గుర్తుకు రాలేదు.

వుడ్‌ల్యాండ్స్‌లో ఆ ఇంటి తలుపు తీసింది నా భార్యే. నా వెనక్కి చూసి, "అత్తమ్మ ఏది?" అంది.

గదిలో చాలామంది ఉన్నారు. ఆ ప్రశ్న విని కొందరు తలతిప్పారు. మనిషి అబద్ధం ఆడేముందు ఆలోచిస్తాడని అంటారు. నేను ఆలోచించలేదు. "చెప్పిన చోట లేదు. చాలాసేపు చూశాను. తనే ఇటు వచ్చేసిందేమో అనుకున్నా," అన్నాను. నాతో వచ్చిన ఇద్దరూ నా మొహం చూశారు. వాళ్ళు నన్ను కాదనలేదు. నేను మధ్యలో కాసేపు ఆఫీసు వదిలి వెళ్ళి వచ్చాననుకున్నారో, పోనీలే అనుకున్నారో, ఇప్పటికీ నాకు తెలియదు.

ఇల్లంతా ఒక్కసారి కదిలింది. ఎవరో ఆపా వాళ్ళింటికి ఫోన్ చేశారు. అమ్మ నాలుగింటికి ముందే గిన్నె పట్టుకుని బయల్దేరిందని ఆపా చెప్పింది. ఆడవాళ్ళు పోలీసులకు చెబుదామన్నారు. ఒకాయన, గుంటూరు వైపు ఆయన, నాతో టాక్సీలో వచ్చాడు. దారంతా నా భుజం మీద చెయ్యి వేసి ధైర్యం చెబుతూనే ఉన్నాడు. "మీరేం చేస్తారండీ, పాపం. పెద్దవయసు. మా నాన్నగారూ అంతే," అన్నాడు. ఆ చెయ్యి దించమని అనలేకపోయాను.

స్టేషన్ దగ్గర ఆయన్ని బస్సులు ఆగే వైపు చూడమని పంపి, నేను బేకరీ వైపు పరుగెత్తాను.

అమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. గిన్నె ఒళ్ళో ఉంది, రెండు చేతులూ మూత మీద ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

"నువ్వు చెప్పిన కాడనే ఉన్న బిడ్డా," అంది. "పని ఎక్కువుండెనా?"

పదమ్మా అన్నాను. లేవలేదు. గొంతు తగ్గించి, తన వెనక నడవమంది. అప్పుడు చూశాను, చీర వెనకవైపు తడిసి ఉంది. మరుగుదొడ్డి ఎక్కడుందో ఆమెకు తెలుసు. బేకరీ దాటి కొంచెం దూరం. కానీ నేను కదలవద్దన్నాను. తాను అటు వెళ్ళినప్పుడే నేను వచ్చి, కనబడక కంగారు పడతానని వెళ్ళలేదు. నా చొక్కా మీద వేసుకున్న స్వెట్టరు తీసి ఆమె నడుముకు కట్టాను. ఆఫీసు చలికి వేసుకునేది అది.

అప్పుడే గుంటూరాయన ఆయాసపడుతూ వచ్చాడు. "దొరికారా? ఎక్కడున్నారండీ?" అన్నాడు.

"అటు పక్కన. ఎటు పోవాలో తెలియక తిరుగుతోంది," అన్నాను.

అమ్మ నా వైపు చూసింది. ఒక్కసారే. తర్వాత గిన్నె మూత సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. ఆయన ఆమె నడుముకు కట్టిన స్వెట్టరు చూసి, విషయం అర్థమై, చూపు తిప్పుకున్నాడు. నేను చెప్పినదానికి ఆ తడి చీర సాక్ష్యమైపోయింది.

తర్వాత జరిగినవన్నీ ప్రేమతోనే జరిగాయి. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నా భార్య ఆ వారం సెలవు పెట్టింది. అమ్మను డాక్టరుకు చూపించింది. డాక్టరు ఆమె వయసుకు జ్ఞాపకశక్తి బాగానే ఉందన్నాడు. అయినా జాగ్రత్త మంచిదని తాళంచెవి తీసి మా దగ్గర పెట్టుకున్నాం. ట్రైను కార్డు కూడా. అమ్మ ఎందుకని అడగకుండానే ఇచ్చేసింది. ఒంటరిగా వద్దు అత్తమ్మా, మేం తీసుకెళ్తాం అంది నా భార్య. అలా తీసుకెళ్ళిన రోజులు చాలా తక్కువ. శనివారాలు ఆఫీసు ఉండేది. ఆదివారాలు అలసట ఉండేది. ఆపా ఫోన్ చేసేది. మొదట్లో అరగంట మాట్లాడుకునేవాళ్ళు. తర్వాత బాగున్నావా, బాగున్న, అంతవరకే.

ఆ కథ మాత్రం ఊరు తిరిగింది. ఎవరింట్లో కలిసినా ఎవరో ఒకరు ఎత్తేవాళ్ళు. ఒకాయన తాను చెప్పే కథలో ఆమెను బిషాన్ స్టేషన్లో దించాడు. ఇంకొకామె చెప్పినదాంట్లో అమ్మ మలేషియా బస్సెక్కబోయింది. నవ్వులు. నేను కూడా నవ్వేవాణ్ణి. అమ్మ పక్క గదిలోనే ఉండేది. ఇక్కడ ఆగి ఉంటే నా ఒక్క ఇంటి సంగతే అయ్యేది. కానీ అమ్మ వెంట రైలెక్కిన తల్లుల పిల్లలందరూ ఆ కథ విన్నారు. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క కార్డు సొరుగులోకి వెళ్ళిపోయింది. అంత హుషారైన మనిషికే అలా అయితే మీ సంగతేమిటి అని వాళ్ళను అడిగారట. హాకర్ సెంటర్లో ఆ బల్ల దగ్గరికి మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు. ఒకావిడ వీసా గడువు ఇంకా ఉండగానే ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అమ్మకు ఫోన్ చేసి, "నీతోని తిరిగినదే అక్కా నేను చూసిన సింగపూరు," అందట. ఆ మాట అమ్మ మాకు చెప్పింది, చెప్పి బియ్యం కడగడానికి లేచింది.

చెప్పడానికి నాకు అవకాశాలు లేక కాదు. ప్రతి సాయంత్రమూ అవకాశమే. మొదట భార్య ఏమనుకుంటుందోనని ఆగాను. తర్వాత ఇన్ని రోజులయ్యాక ఇప్పుడేంటని ఆగాను. అమ్మే అడగడం లేదు కదా, ఆమెకూ ఇంట్లో ఉండడమే సుఖంగా ఉందేమో అని కూడా అనుకున్నాను. అలా అనుకోవడం నాకు చాలా వీలుగా ఉండేది. నడవని మోకాళ్ళు నిజంగానే బిగుసుకుపోయాయి. వీధి దాటడానికి భయపడడం మొదలుపెట్టింది. లిఫ్టులో ఒంటరిగా ఎక్కేది కాదు. ఒంటరిగా బయటికి పోలేని మనిషని ఆ రోజు అందరూ ఏదైతే అనుకున్నారో, రెండేళ్ళు గడిచేసరికి అది నిజమే అయింది. అదిగో చూశారా అనుకున్నారు అందరూ. ఆపా కొడుకు ఉద్యోగం మారి వాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆపా మా ఇంటికి వచ్చింది. నన్ను బాల్కనీలోకి పిలిచి, అమ్మ ఎలా తిరిగేదో, నీళ్ళు తాగకుండా ఎందుకు బయల్దేరేదో అప్పుడే చెప్పింది. "నాకు నమ్మకం కుదరట్లే బేటా. ఆమె తప్పిపోయే మనిషి కాదు," అంది. నేను రైలింగు పట్టుకుని కిందికి చూస్తూ ఉండిపోయాను. ఆమెకూ చెప్పలేదు.

పాప పెద్దదయింది. ఇక్కడి బడి, ఇక్కడి మాట. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం అది నాయనమ్మను కిందికి తీసుకెళ్ళి తన కొత్త సైకిలు చూపించాలనుకుంది. తాను ముందు దిగి సైకిలు తీస్తానని, నాయనమ్మను వెనకే లిఫ్టులో రమ్మంది. అమ్మ రానంది.

"వై స్కేర్డ్ నాయనమ్మా? లిఫ్ట్ జస్ట్ దేర్ లా," అంది పిల్ల, ఇక్కడి పిల్లల్లా మాట చివర లా తగిలించి.

"నాకు తొవ్వ తెల్వదు బిడ్డా," అంది అమ్మ. "అప్పుడొకపాలి తప్పిపోయిన. మీ నాయన ఎంత తిప్పలవడ్డడో."

నేను సోఫాలో పేపరు చదువుతున్నాను. అమ్మ గొంతులో దెప్పిపొడుపు లేదు. జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది. నిజంగా అలాగే గుర్తుందా, లేక నా కోసం ఇన్నేళ్ళుగా ఆ మాటను మోస్తోందా? నేను పుట్టించిన అబద్ధం ఆమె నోట, నా కూతురి ముందు, నా మీద జాలితో సహా వచ్చింది.

"నువ్వు తప్పిపోలే అమ్మా," అన్నాను.

అమ్మ నా వైపు తిరిగింది. పిల్ల వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా, "పిల్ల ముంగట అవన్నీ ఎందుకురా ఇప్పుడు," అంది.

ఆమెకు అంతా తెలుసు. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

నేను ఆపలేదు. పిల్లకు అర్థమయ్యేలా, ఆఫీసు సంగతి, రైలు టోవా పాయోలో ఆగిన సంగతి, తలుపు దగ్గర నేను చెప్పిన మాట, అన్నీ చెప్పాను. నా భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. తడి చీర సంగతి ఒక్కటి చెప్పలేదు. అది అమ్మది. పిల్ల తన నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "సో షి వెయిటెడ్ ఓన్లీ?" అంది. అవునన్నాను. నా భార్య ఆ తర్వాత చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అమ్మ తన మోకాళ్ళ మీద చీర సర్దుకుంది.

"అప్పుడే చెప్తే అయిపోతుండెగద బిడ్డా," అంది. "ఆపా ఉన్నన్ని రోజులన్న పోయివస్తుంటి."

ఇప్పుడు తాళంచెవి ఇచ్చినా, కార్డు ఇచ్చినా ఆమె లిఫ్టు దాకా కూడా వెళ్ళే స్థితిలో లేదు. ఆమె కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను. చిన్నప్పుడు చదువు చెప్పించుకోవడానికి కూడా నేను అలా కూర్చోలేదు.

"నేను మర్చిపోయిన అమ్మా," అన్నాను. "మర్చిపోయి, అందరి ముంగట నిన్ను మతిలేనిదాన్ని చేసిన. నీ తిరుగుడు బంద్ చేసింది నేను. నన్ను మాఫ్ చెయ్యి."